దారమూ, రబ్బరూ, మధ్యలో గోడ

వికారాబాద్ నుంచి తాండూరు పోయే దారిలో గోడల మీద ఒక వాక్యం కనిపిస్తూనే ఉంటుంది: ‘మొలలకు ఆపరేషన్ లేకుండా గ్యారంటీ చికిత్స’. బరువంతా ఆ ‘లేకుండా’ మీదే ఉంది. ఏం చెయ్యరో చెప్పారు, ఏం చేస్తారో చెప్పలేదు.

కత్తి పట్టని వైద్యాలు నిజంగానే ఉన్నాయి. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది క్షారసూత్రం. నూలు దారానికి జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు కలిపి మొత్తం 21 పూతలు పూస్తారు. 11వ శతాబ్దపు చక్రదత్తుడికే తెలిసిన ఈ పద్ధతికి 1960లలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మళ్లీ ప్రాణం వచ్చింది. రెండోది రబ్బరు బ్యాండు. 1963లో డెట్రాయిట్ సర్జన్ బారన్ దీన్ని వాడుకలోకి తెచ్చాడు. పుట్టిన చోట్లు వేరైనా రెండూ చేసే పని ఒక్కటే: మొల మొదట్లో బిగించి నెత్తురు అందకుండా చేస్తాయి. కొద్ది రోజుల్లో అది వాడి రాలిపోతుంది.

తేడా బిగించే చోట ఉంది. బ్యాండును లోపలి మొలకు, నొప్పి అంతగా తెలియని భాగంలో వేస్తారు. అందుకే మత్తు అక్కర్లేదు, అదే రోజు ఇంటికి పోవచ్చు. బయటి మొలకు మాత్రం పనికిరాదు. క్షారసూత్రాన్ని మొల మొదట్లోంచి సూదితో గుచ్చి కడతారు, మామూలుగా మత్తిచ్చే. దాన్ని ‘ఆపరేషన్ కాదు’ అనడం మాటల గారడీ. ఆయుర్వేద మిత్రులకు రుచించకపోయినా ఇంకో మాట చెప్పాలి. క్షారసూత్రానికి పేరు తెచ్చిన అధ్యయనం మొలల మీద కాదు, భగందరం (ఫిస్టులా) మీద జరిగింది. భారత వైద్య పరిశోధన మండలి 1991లో ప్రచురించిన ఆ ఫలితాల్లో దారం కట్టినవాళ్లలో 4 శాతం మందికి, కోసినవాళ్లలో 11 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. మానడానికి దారానికి 8 వారాలు, కోతకు 4 వారాలు పట్టింది. ఆ అంకెలను మొలల ఖాతాలో వేసుకోకూడదు.

ఇక గోడ ఎక్కువగా చెప్పుకునేది ‘ఒక్క ఇంజెక్షన్’ గురించి. 1871లో అమెరికాలోని ఇల్లినాయిలో మిచెల్ అనే అతను మొలల్లోకి కార్బాలిక్ యాసిడ్ ఎక్కించి, ఆ గుట్టును ఊరూరా తిరిగే వైద్యులకు అమ్ముకున్నాడు. మందు చెడ్డదేం కాదు. దాన్నే ఫినాల్ అంటారు, బాదం నూనెలో కలిపి ఆస్పత్రుల్లో వాడుతూ వచ్చారు. ఎక్కడ గుచ్చుతున్నాడో తెలియనివాడి చేతిలో సూదితోనే పేచీ.

సుశ్రుతుడు మొలలకు నాలుగు ఉపాయాలు చెప్పాడు: మందు, క్షారం, అగ్ని, శస్త్రం. మెత్తగా పరుచుకున్నదానికి క్షారం, గట్టిగా వెడల్పుగా ఉన్నదానికి కాల్చడం, సన్నటి కాడ ఉన్నదానికి కత్తి. మొలను చూశాకే ఉపాయం ఎంచమన్నాడు. గోడ చూడకముందే ఎంచేసింది.

పథ్యంలోనూ ఇదే వరస. వేడి చేస్తుందని కందిపప్పు మానేయమంటారు, అదీ 2022లో కందికి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తాండూరులో! పీచు పెంచితే నెత్తురు పడటం దాదాపు సగానికి తగ్గుతుందని 2005 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. జొన్నరొట్టె, ఆకుకూర, ఇసబ్‌గోల్, సరిపడా నీళ్లు, ముక్కకుండా ఉండటం: మొదటి దశ మొలలకు చాలాసార్లు ఇవే చాలు.

తాండూరులో ఒక చాయ్ హోటల్ దగ్గర బండల పాలిషింగ్ మేస్త్రీ ఒకాయన బెంచీ ఖాళీగా ఉన్నా నిలబడే తాగుతున్నాడు. యాభై దగ్గర పడ్డ మనిషి. నెత్తురు పోయిన బతుకమ్మ నుంచి పడుతోందట. గోడ మీది నంబరుకు ఫోన్ చేస్తే ఎన్నాళ్ల నుంచని అడగలేదట, మందు బస్సులో పంపిస్తామన్నారట. ఆ వయసులో అది మొలేనా, పెద్దపేగు క్యాన్సరా అన్నది పరీక్ష చేస్తేనే తేలుతుందని చెప్పాను.

“కోస్తరని కాదు సార్ నా భయం, చూపియ్యాల్నా అని,” అన్నాడు. అప్పుడు అర్థమైంది గోడ ఏం అమ్ముతోందో. దారం కట్టేవాడైనా, బ్యాండు వేసేవాడైనా గొట్టం పెట్టి చూడాల్సిందే. గోడకు ఆ అవసరం లేదు.

“ఆ గొట్టం ఎంత లావుంటది?”

బొటనవేలు చూపించాను. చాయ్ గ్లాసు కింద పెట్టి, బండల దుమ్ముతో తెల్లబడ్డ తన బొటనవేలి వంక చూసుకున్నాడు.