రెండో కొస పట్టుకునేదెవరు?

పిండి వడియాలు ఒంటిచేత్తో అయ్యే పని కాదు. మరిగే ఎసట్లో పిండిజారు పోసేవారొకరుంటే, ఉండ కట్టకుండా తిప్పేవారు మరొకరుండాలి. ఉడికిన గిన్నెని డాబా మెట్లెక్కించడానికి గట్టి చేతులు కావాలి. పరిచిన పంచెకి నాలుగు కొసలు, గాలొస్తే నాలుగూ లేస్తాయి. కాకుల్ని తోలడం వేరే ఉద్యోగం. అందుకే రాజమండ్రిలో మా ఇన్నీసుపేటలో ఇది ఏనాడూ ఒక ఇంటి పని కాలేదు, వీధి పనే. శివరాత్రి వెళ్లి ఎండ ముదిరిందంటే ఇవాళ మా డాబా, ఎల్లుండి మీ డాబా అని నాలుగిళ్ల ఆడవాళ్లం వంతులేసుకునేవాళ్లం. ఇంట్లో మగవాళ్లకి ఈ తతంగంతో ఉన్న సంబంధమల్లా పప్పుచారులో నంజుకోవడమే.

2020లో కరోనా వచ్చి వీధినే మూసేశారు. మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ అన్నారు. సాయంత్రం అయిదింటికి అందరం గుమ్మాల్లోకొచ్చి చప్పట్లు కొట్టాం, మా అమ్మాయి పళ్లెం సొట్టపోయేదాకా వాయించింది. 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనబడి 21 రోజుల లాక్‌డౌన్ అన్నారు. తెల్లవారితే ఉగాది. వేపపువ్వు కోసం ఎవరింటికి వెళ్లాలో తెలియక చూస్తుంటే ఎదురింటి వదినగారు సంచీలో వేసి మా గేటుకి తగిలించి, దూరం నుంచే చెయ్యూపి వెళ్లిపోయారు. పంచాంగ శ్రవణం టీవీలోనే. శార్వరి నామ సంవత్సరంలో ఆదాయ వ్యయాలు చెబుతుంటే మా వారు సౌండు తగ్గించేశారు.

మా పెద్దాడు హైదరాబాదు హాస్టల్లో ఉండేవాడు. కర్ఫ్యూ ముందురోజే బస్సెక్కి వచ్చేశాడు కాబట్టి బతికిపోయాం. నాలుగు రోజులాగి బయల్దేరిన వాడి స్నేహితులు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర రాత్రంతా రోడ్డు మీదే ఉన్నారు. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయికి 19 నుంచే బడి లేదు. ఆరు నుంచి తొమ్మిది దాకా పరీక్షల్లేకుండానే పాస్ అని 26న ప్రభుత్వం ప్రకటించిన పూట దాని ఆనందం చూడాలి. లెక్కల పుస్తకం అటక మీద పెట్టేసి, నిచ్చెన కూడా దాచేసింది. ఇలా ఇంట్లో అయిదుగురం తేలాం. పెళ్లిళ్లకీ పేరంటాలకీ తప్ప ఇన్ని చేతులు మా ఇంట్లో ఒక్కచోట ఉండి ఎన్నాళ్లయిందో.

“వడియాలు పెడదామర్రా” అన్నది మా అత్తగారు. ఆవిడ ఎనభైకి దగ్గరపడ్డారు. వీధి లేకుండా ఎలాగండీ అన్నాను. “వీళ్లున్నారుగా!” అని కొడుకునీ మనవణ్ణీ చూపించారు.

ముందు అడ్డంకి పిండిది. మా వీధి చివర పిండిమర మూసేశారు. బియ్యం నానబెట్టి, గుడ్డ మీద ఆరబోసి, మిక్సీలో కొంచెం కొంచెంగా వేసి, జల్లించి, మిగిలిన రవ్వ మళ్లీ మిక్సీలో వేసి... ఆ పూటంతా అదే సరిపోయింది. సగ్గుబియ్యం ఇంట్లోనే ఉన్నాయి. మన పెద్దాపురం, సామర్లకోట వైపు కర్రపెండలం పండించి, మిల్లులాడించి దేశమంతటికీ పంపుతారు కదా, వాటికి మాకెప్పుడూ లోటు లేదు. పచ్చిమిరపకాయలు మాత్రం పొద్దున్నే ముక్కుకి గుడ్డ కట్టుకుని, సున్నంతో గీసిన గడిలో నిలబడి మా వారు తెచ్చారు. నిలబడ్డంతసేపూ ముందున్నాయన ఎన్ని కిలోలు కొన్నాడో కూడా చూసొచ్చి చెప్పారు.

ఇదివరకు తెల్లవారుజామున పొయ్యి వెలిగించడానికి మా అత్తగారికి గడియారం అక్కర్లేదు. కొవ్వూరు వైపు నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్ గోదావరి వంతెన మీదికొచ్చిన చప్పుడు వింటే చాలు, లేచేవారు. ఆ రోజుల్లో ప్యాసింజరు బండ్లన్నీ ఆగిపోయాయి. అడపాదడపా వచ్చే గూడ్సుకి వేళాపాళా ఉండేది కాదు. మనవడు ఫోన్లో అలారం పెట్టాడు. అది మోగితే ఆవిడ ఉలిక్కిపడి “ఎవర్రా అది?” అన్నారు.

ఎసరు కొలతలు మనవడు రాసుకుంటానన్నాడు. గ్లాసు పిండికి ఆరు గ్లాసుల నీళ్లు అన్నదొక్కటే దొరికింది వాడికి. ఆ తర్వాతవన్నీ కొలతకి లొంగేవి కావు. “ఉప్పు ఎంత నానమ్మా?” అంటే “రుచి చూస్తే ఇంకొంచెం పడాలే అనిపించాలి, అక్కడ ఆపెయ్యి” అన్నారు. ఎండితే నీరు పోతుంది గానీ ఉప్పు పోదు కదా. సరిగ్గా వేస్తే వేయించాక నోట్లో పెట్టుకోలేం. నానిన సగ్గుబియ్యం ముందు ఎసట్లో వేసి, అవి కళ్లు తేలేసి అద్దంలా మెరిశాక పచ్చిమిర్చి ముద్ద, జీలకర్ర, ఆపైన జారు. పిండి పోసింది మొదలు గరిటె ఆగకూడదు. “ఎంతసేపు తిప్పాలి?” “పచ్చి వాసన పోయేదాకా తిప్పు నాన్నా.” వాడు కాసేపు తిప్పి చెయ్యి మార్చాడు, ఇంకాసేపటికి నడుం మీద చెయ్యేశాడు. కంప్యూటరు ముందు పద్నాలుగు గంటలు కూర్చుంటాడట, పిండి ముందు పావుగంట నిలబడలేకపోయాడు. చివరికి పిండి చిక్కబడి, గరిటె ఎత్తితే తెగకుండా జారే పాకానికి వచ్చింది. పొయ్యి కట్టేసి నిమ్మకాయ పిండాం.

డాబా మీద మా మామగారి పాత పంచె తడిపి, నీళ్లు పిండేసి పరిచాం. ఒక్క పంచె చాలక నా పాత బండారులంక చీర కూడా తెచ్చాను. గరిటెడు పిండి వేసి, గరిటె అడుగుతో ఒక్కసారి సున్నా చుట్టి వదిలెయ్యాలి. అందంగా రాలేదని రెండోసారి ముట్టుకున్నారో, పిండి గుడ్డ పోగుల్లోకి దిగిపోయి మర్నాడు ఊడిరానంటుంది. మా వారు ప్రతి వడియాన్నీ గుండ్రంగా దిద్దుతుంటే ఆవిడ కొడుకు చేతిలో గరిటె లాక్కుని మనవరాలికిచ్చారు. ఎండ చురుక్కుమనే లోపల అయిపోవాలి, లేకపోతే గిన్నెలోనే తెట్టు కడుతుంది.

కాకుల కాపలాకి అమ్మాయిని కూర్చోబెట్టాం. అయితే 28 నుంచి దూరదర్శన్‌లో రామాయణం మళ్లీ వేశారు, పొద్దున తొమ్మిదింటికీ రాత్రి తొమ్మిదింటికీ. 1987లో మొదటిసారి వచ్చినప్పుడు పక్కింటి టీవీ ముందు చాప మీద కూర్చుని చూశామని మా అత్తగారు ఇప్పటికి చాలాసార్లు చెప్పారు. తొమ్మిదయ్యేసరికి నానమ్మా మనవరాలూ కిందికి దిగిపోవడం, పేపరు పట్టుకుని మా వారు పైకెక్కడం. ఆయన పేపర్లో మునిగితే కాకి పంచె దగ్గరికొచ్చిందీ లేనిదీ కనబడదు. ఎదురు డాబా మీంచి వదినగారే అరిచేవారు, “అన్నయ్యగారూ, మీ కుడిపక్క!” అని. ఆవిడ డాబా మీదా వడియాలే. ఇద్దరం పిట్టగోడల దగ్గర నిలబడి ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అని గొంతెత్తి మాట్లాడుకుంటుంటే వీధంతటికీ వినబడేది. భద్రాచలంలో భక్తులు లేకుండా రాములవారి కల్యాణం జరిగిన సంగతి కూడా ఆ గోడ దగ్గరే చెప్పుకున్నాం.

మర్నాటి పని నాకు అన్నిటికంటే ఇష్టం. పంచె తిరగేసి వెనకవైపు నీళ్లు చిలకరించి, కాస్త నాననిచ్చి, ఇద్దరు చెరో కొసా పట్టుకుని బిగించి లాగాలి. గుడ్డ బిగిసేసరికి వడియం అంచు ఠప్పున లేస్తుంది. మూడో మనిషి గోరు పెట్టి తీసి చాటలో వేసుకోవాలి. ఇన్నేళ్లూ ఆ రెండో కొస వదినగారిది. ఈసారి ఒక కొస మా వారు, రెండోది పెద్దాడు పట్టుకున్నారు. ఫీజులు, మార్కులు, ఉద్యోగం తప్ప మరో మాట ఎరగని తండ్రీ కొడుకులు “కొంచెం నీవైపు లాగు”, “వదిలెయ్ వదిలెయ్” అనుకుంటూ చాటెడు వడియాలు తీయించారు. ఇలాంటి పనులు పోతున్నది రుచి తెలియకా కాదు, తీరిక లేకా కాదనిపిస్తోంది నాకు. పిల్లలు హైదరాబాదూ బెంగుళూరూ అమెరికా వెళ్లిపోయాక ఇంట్లో రెండో కొస పట్టుకునే మనిషే లేడు. కొట్లో ప్యాకెట్టు కొనుక్కుంటే ఎవరినీ పిలవక్కర్లేదు.

అలాగని ఈ సరదాకి మరీ మురిసిపోను. అయిదుగురు ఇంట్లో ఉంటే మూడు పూటల వంటా, నడుమ టీలూ ఎవరు చేశారో నాకు తెలుసు. గరిటె తిప్పినవాడు వీడియో తీసి స్నేహితులకి పంపాడు గానీ, అడుగంటిన గిన్నె తోమింది నేనే. మాకు డాబా ఉంది, డబ్బాలో బియ్యం ఉన్నాయి, పని మాకు కాలక్షేపం. ధవళేశ్వరం దాటి లొల్ల లాకుల వైపు వెళ్తే ఆత్రేయపురంలో ఇదే బియ్యప్పిండి జారు కూడు పెడుతుంది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి గుడ్డ జారులో ముంచి కుండ మీద ఒక్క ఊపున లాగితే రేకు లేస్తుంది. రేకు తీసేవారొకరు, నెయ్యీ పంచదారా వేసి చుట్టేవారొకరు. అక్కడ చేతులకి కొదవ లేదు. పెళ్లిళ్లు ఆగాయి, బస్సులు ఆగాయి, ఇక పూతరేకులు కొనేదెవరు? కడియంలో పూలు కోసినా తీసుకెళ్లే బండి లేకపోయింది. మార్చి 29 నుంచి రేషన్ బియ్యం, కిలో కందిపప్పు ఉచితంగా ఇచ్చారు. ఏప్రిల్ 4న ప్రభుత్వ వాలంటీర్లు రేషన్ కార్డున్న ఇళ్లకి వచ్చి వెయ్యి రూపాయలిచ్చి వెళ్లారు. వెయ్యితో ఎన్నాళ్లు?

చాటలో మరో రెండు ఎండలు చూశాక వడియాలు గలగలమన్నాయి. మొదటి వాయి వేయించేటప్పుడు అందరూ పొయ్యి చుట్టూ చేరారు. నూనె బాగా కాగాలి. ఎండిన పిండిలో చిటికెడు తేమ మిగిలి ఉంటుంది, అది ఒక్కసారిగా ఆవిరైతేనే వడియం పొంగేది. కాగని నూనెలో వేస్తే నూనె తాగి బిర్రుగా ఉండిపోతుంది. మావి పొంగాయి. ఉప్పు మాత్రం కాస్త తక్కువైందని మా వారు, సరిపోయిందని ఆయన తల్లి. డబ్బాలో పోసి, అందులో కొన్ని వదినగారి గేటుకి తగిలించి వచ్చాడు పెద్దాడు.

ఆ తర్వాత ఇంట్లో చర్చ ఆవకాయ మీదికి మళ్లింది. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ ముదిరే రోజులు దగ్గరపడ్డాయి. కాయ కొట్టే మనిషి వీధిలోకి వస్తాడో రాడో, కారం ఆడించే మర తెరుస్తారో లేదో. మా అత్తగారు ఆగే రకం కాదు. పెద్ద కత్తిపీట అటక మీంచి దింపించారు, తుప్పు పట్టి ఉంది. దానికి పదును పెట్టడం ఎలాగో మనవడు ఫోన్లో చూశాడు. రోలు కడిగే పని మనవరాలికి పడింది. తోటకెళ్లి కాయలు తెచ్చుకోవాలంటే పాసు ఎవరిస్తారని మా వారు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశారు. ఆవకాయని అత్యవసర సరుకుల్లో రాశారా అని ఒకాయన్ని అడిగితే, ఆయన నిజంగానే జాబితా తీసి చూశారట.