‘రజియా బేగం’ - నామవిచారము

నిజామాబాదు మండలమున ఆర్మూరు పసుపు వ్యాపారమునకుఁ బేరుగన్న యూరు. ఇచ్చటి సీమలోఁ బండిన పసుపు మహారాష్ట్రమందలి సాంగ్లీ విపణి వఱకుఁ బోవును. బేరమాడు చోటఁ దెలుఁగు, ఉర్దూ, మరాఠీ మూఁడును వినవచ్చును. ఇట్టి సీమకు మూకచిత్రము మిక్కిలి తగిన కళ. అది యే భాషయు మాటలాడదు గావున నెవ్వరికిని బరాయిది గాదు. అయినను దానికి నొక మాట తప్పదు. అది పేరు. ఆ యొక్క మాట తప్పినచో దిద్దుటకుఁ బాత్రలకు నోరు లేదు. 1924వ సంవత్సరమున హైదరాబాదు నగరమునఁ గలఁతకుఁ గారణమైన ‘రజియా బేగం’ ఇందుల కుదాహరణము.

వంగీయుఁడగు ధీరేంద్రనాథ గంగూలీ 1921లో ‘బిలాత్ ఫేరత్’ అను ప్రహసనచిత్రముచేఁ బేరుగాంచి, పిమ్మట హైదరాబాదున లోటస్ ఫిలిం కంపెనీని నెలకొల్పెను. నిజాము ప్రభువు ఆదరణమునఁ జిత్రములు తీసెను, ప్రదర్శనశాలలు నడపెను. 1923లో ‘యయాతి’ని తీసెను. అందలి దేవయాని బ్రాహ్మణకన్య, వరించినది క్షత్రియుని. ఆ కథనే పూర్వము పొన్నికంటి తెలగనార్యుఁడు అచ్చతెనుఁగునఁ గావ్యముగా రచించి గోలకొండ రాజ్యమునందలి అమీనుఖానున కంకిత మిచ్చెను. కావున హద్దు దాఁటిన ప్రణయము ఈ సీమకుఁ గ్రొత్త గాదు. కాని ‘రజియా బేగం’ను గంగూలీ తన శాలలోఁ బ్రదర్శింపఁగా, ముస్లిము రాణికిని హిందూ ప్రజకును గల ప్రేమ అందు వస్తువగుటచే, నిజాము కోపించి యాతనిని సంస్థానము విడిచిపొమ్మని శాసించెను. చిత్రము దోషయుక్తమే యనుకొన్నను దానికి వెడలఁగొట్టుట యుత్తరము గాదు, విమర్శయే యుత్తరము.

చరిత్ర యేమి చెప్పుచున్నది? రజియా 1236 మొదలు 1240 వఱకు ఢిల్లీ నేలెను. సమకాలికుఁడగు మిన్హాజ్, హబ్షీయుఁడైన యాకూత్ ఆమె కొలువున సామీప్యము వడసెననియు, తురుష్క ప్రభువులు దానికి నసూయపడిరనియు మాత్రమే వ్రాసెను. తరువాతివారి చేతిలో నా సామీప్యము గుఱ్ఱ మెక్కించు చేయూతగాఁ బెరిగెను. ఆ చేయూత ప్రణయమయ్యెను. మూకచిత్రమునందలి హిందూ ప్రియుఁడు ఇంకొక మెట్టు. చరిత్రమున నతనికిఁ జోటు లేదు.

ఇఁక నామము. ఆచార్యుని భార్య ఆచార్యాని (ఇందు ణత్వము రాదు, విద్యార్థులు తఱచుగాఁ దప్పుదురు). తానే శాస్త్రము చెప్పునది ఆచార్య. మొదటిది పురుషసంబంధముచే వచ్చిన పేరు. రెండవది స్వకర్మచే వచ్చినది. మిన్హాజ్ ఆమెను ‘సుల్తాన్’ అనియే పేర్కొనెను. అది రెండవ తెగకుఁ జేరును. ‘బేగం’ అన్నది గొప్పయింటి కూఁతురికిని భార్యకును సమముగాఁ జెల్లు గౌరవవాచకము. ఏలుట యను నర్థ మందు లేదు. జనులు వాడుకలో నట్లే పిలుతురు గదా యని సమాధానము చెప్పవచ్చును. వాడుక మాటకు బలమే. కాని యీ కథకుఁ బ్రాణము ఆమె యేలికయగుటయే. దానిని దాఁచిన పేరు, చూడక ముందే ప్రేక్షకుని దృష్టిని సింహాసనమునుండి యంతఃపురమునకు మరల్చును.

నిజమైన నాటకము భటిండా కోటలో నున్నది. అచ్చటి పాలకుఁడగు అల్తూనియా తిరుగఁబడెను, యాకూత్ హతుఁడయ్యెను, రజియా బందీ యయ్యెను. ఢిల్లీలో సోదరుఁడు బహ్రాము సింహాసన మెక్కెను. అప్పు డామె తన్నుఁ జెఱపట్టిన యల్తూనియానే పెండ్లాడి, యాతనితోఁ గూడి ఢిల్లీపైకి నడచెను. ఇరువురును నోడిరి, 1240లోనే కైథల్ ప్రాంతమున హతులైరి. ఆ వివాహము ప్రేమయా, రాజ్యకాంక్షయా, రెండునా? పలుకులు గల నాటకమైనచోఁ గవి యేదో యొకటి చెప్పింపక తప్పదు. మూకచిత్రమునకు ఆ నిర్బంధము లేదు. చెఱసాల తలుపు తెఱచిన వానిని జూచు నామె ముఖమొక్కటి చాలును. శృంగారమో వీరమో ప్రేక్షకుఁడే యూహించుకొనును. ధ్వని కింతకంటెఁ దగిన తావు దొరకదు. అట్టి తావును విడిచి, లేని ప్రియునిఁ గల్పించుకొనుట గొప్ప నష్టము.

1983లోఁ గమాల్ అమ్రోహీ తన చిత్రమునకు ‘రజియా సుల్తాన్’ అని పేరిడెను. నామదోషము తొలఁగెను. కాని అందును యాకూత్ ప్రణయమే ప్రధానము. భటిండా చెఱసాల కింకను దగిన కవి దొరకలేదు.