గుడికి అడ్డంగా వీపు

మా బావమరిది కొడుకు కంబోడియా వెళ్లొచ్చాడు. ఆదివారం భోజనాలయ్యాక ఫోను నా చేతిలో పెట్టి, "చూడండి మామయ్యా, పన్నెండొందలున్నాయి" అన్నాడు. అంకోర్ వాట్ ముందు కోనేటి ఒడ్డున తెల్లారగట్ల తీసినవే వందకి పైన. అందులో సగం గుడికి అడ్డంగా వాడి వీపు.

గుడికెళితే ఫోను సంచిలో పడెయ్యమని నేనెన్నేళ్లుగా నస పెడుతున్నానో ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలుసు. "క్షీరసాగర మథనం చూశావా?" అని అడిగాను. తూర్పు వసారాలో గోడ పొడవునా 49 మీటర్ల శిల్పం. వాసుకి తలవైపు 92 మంది అసురులు, తోకవైపు 88 మంది దేవతలు. ఆ వరస చివర తోక పట్టుకున్నదెవరనుకున్నారు? కోతి! దానికక్కడేం పనో ఆలోచిస్తూ నేను వెళ్లినప్పుడు ఒక పూటంతా ఆ గోడ దగ్గరే గడిపేశాను. "అటు స్పీడుగా నడిచేశాం మామయ్యా" అన్నాడు మావాడు.

నాలుగు చీవాట్లు పెడదామని నోరు తెరిచేలోపు వేలి కింద బాపువోన్ వచ్చింది. అక్కడ ఆగిపోయాను.

అది 11వ శతాబ్దపు శివాలయం. కూలిపోతోందని 1960లో ఫ్రెంచివాళ్లు విప్పడం మొదలుపెట్టారు. దాదాపు 3 లక్షల రాళ్లు చుట్టూ నేలమీద పరిచారు. సున్నం లేని కట్టడం కదా, ఏ రాయికి దాని చోటే. పక్కదాని చోట ఇమడదు. ఇంతలో యుద్ధం. ఏ రాయి ఎక్కడిదో రాసుకున్న కాగితాలన్నీ ఖ్మేర్ రూజ్ రోజుల్లో నాశనమయ్యాయి. 1995లో మళ్లీ పని మొదలెట్టేసరికి అడవిలో రాళ్లున్నాయి, లెక్క లేదు. పారిస్‌లో దాచిన పాత ఫొటోలు, అప్పట్లో పనిచేసిన ముసలివాళ్ల జ్ఞాపకాలు, అంతే మిగిలింది. ఫొటో చూడ్డం, రాయి వెతకడం, పెట్టి చూడ్డం, కుదరకపోతే దించడం. 2011కి గుడి లేచి నిలబడింది.

నేను మోకాళ్లు పట్టుకుని ఎక్కిన ఆ మెట్లు ఎవరో కెమెరా పట్టుకుని తిరిగిన పుణ్యం. అదీ నా సంచి సిద్ధాంతం గతి.

"ఫోను నిండిపోయింది మామయ్యా, సగం తీసేస్తాను" అన్నాడు.

"బాపువోన్‌వి ఒక్కటి కూడా తీసెయ్యకు" అన్నాను. "నీ వీపువంటావా, నీ ఇష్టం."