ఊరినీ ఊరినీ కలిపిన విద్యుత్ బండి: ఒక గ్రంథ విమర్శ

పొందూరు స్టేషనులో పలాస వైపు పోవు పాసింజరు ఎక్కినవారు దూసి దాటి శ్రీకాకుళం రోడ్డు అను స్టేషనులో దిగుదురు. పేరు శ్రీకాకుళమే గాని ఆ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. జిల్లా కేంద్రమైన పట్టణము అచ్చటికి సుమారు 13 కిలోమీటర్లు. ఆ దూరమును బస్సులోనో ఆటోలోనో పోవలసినదే. పెద్ద రైలు ఆగుచోటికి, మనుష్యుడు చేరవలసిన చోటికి నడుమ ఇట్టి ఎడము ఎన్నో ఊళ్లకు కలదు. ఆ ఎడమును పూడ్చుటకై ఒకప్పుడు అమెరికాలో ఒక విచిత్రమైన రైలు పుట్టి, దేశమంతయు అల్లుకొని, ఒక తరము గడవక మునుపే అంతరించినది. దాని చరిత్రను జార్జి డబ్ల్యు. హిల్టన్, జాన్ ఎఫ్. డ్యూ అను ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు 'ది ఎలక్ట్రిక్ ఇంటరర్బన్ రైల్వేస్ ఇన్ అమెరికా' అను గ్రంథముగా రచించిరి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము దానిని 1960లో ప్రకటించినది. ఆరు దశాబ్దములు దాటినను ఈ విషయముపై ప్రమాణ గ్రంథముగా దానినే పేర్కొనుచున్నారు. దాని గుణదోషములను మన ప్రాంతపు అనుభవముతో సరిచూచుట విద్యార్థులకు ఉపకరింపగలదు.

గ్రంథము రెండు భాగములు. మొదటి దానిలో ఈ రైళ్ల పుట్టుక, పెరుగుదల, సాంకేతిక స్వరూపము, పతనము చర్చింపబడినవి. రెండవ దానిలో అమెరికా, కెనడాలలోని కంపెనీల చరిత్రలు ఒకదాని వెంట ఒకటి ఈయబడినవి. గ్రంథకర్తల మొదటి సుగుణము నిర్వచనములో స్పష్టత. అంతర్నగర విద్యుత్ రైలు అనగా నేమి? విద్యుచ్ఛక్తితో నడువవలెను, ముఖ్యముగా ప్రయాణికులకు ఉద్దేశింపబడవలెను, ఊరిలోని ట్రాముకంటె బరువును వేగమును గలిగియుండవలెను, పట్టణములో వీధి నడుమను, పల్లెలలో రహదారి ప్రక్కనో తన సొంత కట్టమీదనో పోవలెను. ఈ నాలుగు లక్షణములు ముందుగా నిర్ణయించుకొనుటచే ట్రామును, పెద్ద రైలును దీనితో కలగాపులగము చేయు పొరపాటు గ్రంథములో ఎచ్చటను కానరాదు.

కథ క్లుప్తముగా ఇది. 1888లో ఫ్రాంక్ స్ప్రేగ్ అను ఇంజనీరు రిచ్‌మండ్ నగరములో విద్యుత్ ట్రాములను జయప్రదముగా నడపి చూపినాడు. ఊరిలో నడచిన బండి ప్రక్క ఊరికి ఏల పోరాదు? ఈ ఆలోచనతో ఒహాయో, ఇండియానా రాష్ట్రములలో మొదలై 1916 నాటికి సుమారు 15,500 మైళ్ల మార్గము ఏర్పడినది. రైతు పాలడబ్బాలతో ఎక్కెను, విద్యార్థి పుస్తకములతో ఎక్కెను, గృహిణి సంతకు పోయి సాయంకాలమునకు ఇల్లు చేరెను. పిమ్మట మోటారుకారు, బస్సు, మంచి రోడ్లు వచ్చినవి. 1930 తరువాతి ఆర్థిక మాంద్యములో కంపెనీలు వరుసగా మూతపడినవి. రెండవ ప్రపంచ యుద్ధము నాటికి మిగిలినవి కొద్ది మాత్రమే.

ఈ పతనమునకు భౌతికశాస్త్రములోను కొంత కారణము గలదు. దానిని ఉన్నత పాఠశాల విద్యార్థి లెక్కకట్టి చూడవచ్చును. ఈ బండ్లలో ఏకముఖ విద్యుత్తుతో నడచు శ్రేణి మోటారును వాడెడివారు. బండి కదలుటకు మొదట ఎక్కువ బలము కావలెను. ఆ బలమును శ్రేణి మోటారు ఈయగలదు. కాని తీగలోని వోల్టేజి సాధారణముగా 600 మాత్రమే. ఒక బండికి 120 కిలోవాట్ల శక్తి కావలెననుకొందము. అప్పుడు తీగలో 200 ఆంపియర్ల ప్రవాహముండును. తీగ నిరోధము కిలోమీటరుకు 0.2 ఓము అనుకొన్నచో 5 కిలోమీటర్లకు ఒక ఓము. ఆ ఒక్క ఓములోనే 200 వోల్టులు పడిపోవును. 40 కిలోవాట్లు వట్టి వేడిగా వ్యర్థమగును. అందుచేత కొద్ది కొద్ది మైళ్లకు ఒక సబ్‌స్టేషను కట్టి, దూరమునుండి అధిక వోల్టేజితో వచ్చు ఏకాంతర విద్యుత్తును అచ్చట ఏకముఖముగా మార్చవలసి వచ్చెను. సబ్‌స్టేషను అనగా భవనము, యంత్రము, వానిని కనిపెట్టియుండు మనిషి. బండిలో పదిమంది ఉన్నను నూరుమంది ఉన్నను ఈ ఖర్చు తగ్గదు.

నేడు మన హౌరా–చెన్నై మార్గములోని తీగలో 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తు ప్రవహించుచున్నది. అదే 120 కిలోవాట్లకు అందు సుమారు 5 ఆంపియర్లు చాలును. అదే ఒక ఓములో నష్టము 25 వాట్లకు మించదు. ప్రవాహము తగ్గిన కొలది నష్టము దాని వర్గమును బట్టి తగ్గునను సూత్రమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

ఇక గ్రంథకర్తల తీర్పు. ఈ రైళ్లలో పెట్టిన పెట్టుబడికి తగిన ప్రతిఫలము ఏ దశలోను రాలేదనియు, మోటారు వాహనము వాని అవసరమునే తొలగించినదనియు వారి సిద్ధాంతము. కుట్రలను, గతవైభవమును గూర్చిన మాటలకు లొంగక, లెక్కల పుస్తకములను తెరచి చూచిన వారి నిజాయితీ కొనియాడదగినది. రైళ్లపై మక్కువతో వ్రాసిన చరిత్రలలో బండి రంగు, గంట మ్రోత కనిపించును, నష్టము కనిపించదు. ఈ గ్రంథము ఆ లోపమును తీర్చినది.

అయినను వారు పట్టిన కొలబద్ద ఒక్కటే: వాటాదారునకు వచ్చిన లాభము. ఆ కొలబద్ద సరియైనదేనా? ఈ ప్రశ్నకు సమాధానము పొందూరుకు ఉత్తరమున కొద్ది స్టేషన్ల దూరములోనే కలదు.

నౌపడా నుండి టెక్కలి, పాతపట్నముల మీదుగా పర్లాకిమిడికి 2 అడుగుల 6 అంగుళముల వెడల్పుగల చిన్న రైలుమార్గమును పర్లాకిమిడి సంస్థానమువారు వేయించిరి. అది 1900లో ప్రారంభమైనది. పొడవు సుమారు 40 కిలోమీటర్లు. వ్యయము సుమారు 7 లక్షల రూపాయలు. అది విద్యుత్ బండి కాదు, ఆవిరి బండి. కాని చేసిన పని అంతర్నగర రైలు చేసిన పనియే: పెద్ద రైలుమార్గమునకు దూరముగా ఉన్న ఊళ్లను దానితో ముడివేయుట. మొదటి పది సంవత్సరములు దానికి నష్టమే. 1910 తరువాత స్వల్పముగా లాభము కనిపించెను; 1924–25 తరువాత అది వృద్ధియైనది. అటుపిమ్మట 1931 నాటికి మార్గము గుణుపురము వరకు సాగి, మొత్తము పొడవు సుమారు 90 కిలోమీటర్లైనది. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా పర్లాకిమిడి అటు పోయినది, టెక్కలి, పాతపట్నము ఇటు నిలిచినవి; బండి మాత్రము రెండు వైపులవారిని మోయుచునే ఉన్నది. 2004లో ఆ చిన్న బండిని ఆపి మార్గమును బ్రాడ్‌గేజికి మార్చుట మొదలుపెట్టిరి. పెద్దబండి 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపురమునకు చేరినది.

హిల్టన్, డ్యూల లెక్కతో 1909లో ఈ మార్గమును పరీక్షించినచో ఏమని తీర్పు వచ్చును? పట్టాలు పెరికివేయుమనియే. ఆ తీర్పును అమలుపరచియున్నచో నేడు బ్రాడ్‌గేజి వేయుటకు ఆ కట్టయే ఉండెడిది కాదు. మార్గము ఊళ్లను పెంచును, పెరిగిన ఊళ్లు మార్గమును పోషించును. ఈ చక్రము తిరుగుటకు కాలము కావలెను. అమెరికా కంపెనీల ఆయువు లెక్కించునపుడు ఈ కాలము వానికి లభించెనా అని అడుగవలసినది.

అయితే ఈ వాదమును కూడ హద్దు మీరనీయరాదు. పర్లాకిమిడి బండికి వెనుక ఒక సంస్థానము నిలబడినది; నష్టమును సహింపగల ఓపిక, స్తోమత దానికి కలవు. తొలి దశాబ్దములలో దానికి బస్సు పోటీ లేదు. అమెరికా బండ్లకు ఆ రెండు సౌకర్యములును లేవు. పైగా వాటాదారుని లాభమును విడిచి ప్రజాప్రయోజనము అనినంత మాత్రమున నష్టము మాయమైపోదు. దానిని మరియొకరు భరింపవలెను. ఇందుకు నిదర్శనము మద్రాసు ట్రాము. 1895 మే 7న ప్రారంభమై, భారతదేశములో మొదటి విద్యుత్ ట్రాముగా పేరుపొందిన ఆ బండి, నష్టములపాలై 1953 ఏప్రిల్ 12న ఆగిపోయినది. పొందూరు ఆనాడు ఉమ్మడి మద్రాసు రాష్ట్రములోనిదే. అదే సంవత్సరము అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. మద్రాసులో వీధి నడుమ నడచిన ట్రాము పోయినది గాని, 1931లో బీచి నుండి తాంబరమునకు సొంత కట్టమీద వేసిన విద్యుత్ రైలు నేటికిని నడచుచున్నది. గ్రంథకర్తల నాల్గవ లక్షణము ఎంత విలువగలదో ఈ రెండింటి భేదమే చెప్పుచున్నది: తన దారి తనకున్న బండికే దీర్ఘాయువు.

అమెరికాలోను అట్లే. చికాగోనుండి సౌత్ బెండ్‌కు 1908లో మొదలైన రైలు ఇప్పటికిని నడచుచున్నది. 1926లో దానికి 1,500 వోల్టుల తీగ అమర్చిరి. 1977లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ దానిని నిలిపినది. గ్రంథము వెలువడిన పిదప జరిగిన ఈ సంగతి గ్రంథకర్తల కొలబద్దకు చేర్పవలసిన అనుబంధము.

మన ఊళ్లలో ఆనాడే విద్యుత్ బండి ఏల రాలేదని విద్యార్థి అడుగవచ్చును. ఉత్తరాంధ్రకు విస్తారముగా విద్యుత్తునిచ్చిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము పనిచేయ నారంభించినది 1955లో. అప్పటికి అమెరికాలో ఆ బండ్ల యుగము ముగిసి, ఇచ్చట బస్సు ముందే వచ్చి కూర్చున్నది. ఒక దేశములో యంత్రములు వచ్చిన వరుసయే మరియొక దేశములోను ఉండవలెనను నియమము లేదు.

గ్రంథము పెద్దది, రెండవ భాగము ఓపికతో చదువవలసినది. ఉపాధ్యాయులకు మొదటి భాగము చాలును. వారు తరగతిలో ఒక చిన్న అభ్యాసము చేయింపవచ్చును. ఆమదాలవలస నుండి శ్రీకాకుళమునకు 13 కిలోమీటర్ల విద్యుత్ మార్గము వేయవలెననుకొని, దినమునకు ఎందరు ఎక్కుదురో రోడ్డుప్రక్క నిలిచి లెక్కింపవలెను. 600 వోల్టులకు ఎన్ని సబ్‌స్టేషన్లు కావలెనో, 25,000 వోల్టులకు ఎన్ని కావలెనో లెక్క వేయవలెను. చివరకు నష్టము వచ్చినచో ఎవరు భరింపవలెనో చర్చింపవలెను. మొదటి రెండు ప్రశ్నలకు సమాధానము అంకెలలో వచ్చును. మూడవ దానికి అట్లు రాదు. హిల్టన్, డ్యూలు మొదటి రెండింటిని అడుగుట నేర్పిరి. మూడవదానిని అడుగకయే తీర్పు చెప్పిరి.