ఆర్ట్స్ కాలేజీ గోడల్లో నిజాం రాజ్యపటం

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. చదువు మన భాషలో, కట్టడం మన బాణీలో అన్నది నిజాం సర్కారు పట్టుదల. (రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు, మరాఠీ, కన్నడం అన్నది వేరే ముచ్చట.)

అప్పటికి హైదరాబాదులో గొప్ప కట్టడాలు లేకపోలేదు. 1908 మూసీ వరద తర్వాత విన్సెంట్ ఎష్ హైకోర్టు, కాచిగూడ స్టేషన్, సిటీ కాలేజీ, ఉస్మానియా దవాఖాన కట్టాడు. అందంగానే ఉంటాయి. కానీ ఆ ఇండో సారసెనిక్ బాణీ బ్రిటిష్ ఇండియా అంతటా ఉన్నదే.

అందుకే సర్కారు తరఫున జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా విదేశాల విశ్వవిద్యాలయాలు చూసి వచ్చారు. కైరో దగ్గరి హీలియోపోలిస్‌లో పనిచేసిన బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్‌ను పిలిపించారు. ఆయన గీతలు గీసే ముందు అజంతా, ఎల్లోరా, బీదర్ తిరిగాడు. గుహల్లోని బరువైన స్తంభాలను, సుల్తానుల కాలపు మొనదేలిన కమాన్లను ఆర్ట్స్ కాలేజీ ముఖద్వారంలో ఒకటిగా కూర్చాడు. 1934లో పునాది పడింది. నిర్మాణ భారం జైన్ యార్ జంగ్ మోశాడు. గులాబి రంగు గ్రానైటు భవనం 1939 డిసెంబరులో తెరుచుకుంది.

తుర్కియేలోనూ ఆ రోజుల్లో సొంత బాణీ కోసం ఇదే వెతుకులాట. ఆర్కిటెక్టులు కెమాలెద్దీన్, వేదాత్ టెక్ ఒట్టోమన్ మసీదుల గుమ్మటాలను, కమాన్లను ఆఫీసులకు ఎక్కించారు. తర్వాతి తరంలో సెదాద్ హక్కీ ఎల్దెం మసీదులను వదిలి పాత ఇండ్ల వైపు తిరిగాడు: వెడల్పాటి చజ్జాలు, వరుస కిటికీలు. జాతి బాణీ ఎక్కడో సిద్ధంగా దొరకదు. గతంలో ఏది తీసుకోవాలో, ఏది వదలాలో ఆర్కిటెక్టే తేలుస్తాడు.

జాస్పర్ తిరిగిన అజంతా, ఎల్లోరా, బీదర్ నిజాం రాజ్యం లోపలివే కావడం గమనించాలి. అయితే కాకతీయుల ఓరుగల్లు తోరణం, రామప్ప శిల్పం కూడా ఆ రాజ్యంలోవే. కాకతీయుల ముద్ర మాత్రం ఆ ముఖద్వారంలో కనిపించదు. అదొక్కటే లోటు.

1956లో భాషా రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు అజంతా, ఎల్లోరా బొంబాయి రాష్ట్రానికి, బీదర్ మైసూరుకు పోయాయి. భవనం ఇక్కడే మిగిలింది. మంచిర్యాల, ఆసిఫాబాద్ నుంచి చదువుకోను పోయిన పిల్లలు ఆ మెట్ల మీదే తెలంగాణ నినాదం అందుకున్నారు. ఉద్యమ కాలంలో పోస్టర్లకెక్కిన బొమ్మల్లో ఆ కమానూ ఒకటి.