రాగితీగె వెళ్ళిపోవు వేళ

ఈ వారము మా యింటికి టెలిఫోను సంస్థవారి లేఖ యొకటి వచ్చినది. 2027 జనవరి నాటికి బ్రిటన్ అంతటను రాగితీగెలపై నడచు పాత టెలిఫోను వ్యవస్థ నిలిచిపోవుననియు, ఆపై మాటయైనను బ్రాడ్‌బ్యాండు ద్వారముననే రావలెననియు అందలి సారాంశము. దుఃఖింపవలసినదేమియు లేదు. అయినను ఆ కాగితము చేతబట్టుకొని గోడమీది టెలిఫోను పెట్టె వంక చాలసేపు చూచుచు నిలిచిపోతిని. ఆ సన్నని తీగెలోనుండియే గదా, పాతికేండ్లకు పూర్వము, మోడెము కీచుమని, గురగురలాడి, కొంతసేపు తటపటాయించి, తుదకు మౌనము వహించినప్పుడు, వాట్‌ఫర్డులోని యీ యింటికి ఇంటర్నెట్టు వచ్చెడిది!

జాబు వ్రాయుట ఒక విద్య యని నేనీ శీర్షికలో ఎన్నిమార్లు వ్రాసితినో పాఠకులెరుగుదురు. ఆ విద్యను నాకు గరపినది నిమిషముల లెక్క. నెలచందా అక్కరలేని ఫ్రీసర్వ్ 1998లో వచ్చిన పిమ్మట కూడ ఫోను ఛార్జీ నిమిషమునకింత యని పడుచుండుటచేత, ఆదివారము సాయంకాలము జాబంతయు ముందుగా కూర్చి, రెండుమార్లు చదివి, పనికిరాని మాటలు తీసివేసి, అప్పుడు మాత్రమే లైను కలిపి, పంపి, వచ్చినవి దింపుకొని, తక్షణమే విడిచెడివాడను.

ఆ జాబులు తెలుగువే. అక్షరములు మాత్రము ఇంగ్లీషువి. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గారలు 1990 దశకపు తొలినాళ్ళలో కల్పించిన ఆర్.టి.యస్. పద్ధతియే మాకు ఓనమాలు. చిన్న 'టీ' కొట్టిన త, పెద్దది కొట్టిన ట. చిన్న 'ఎల్' ల, పెద్దది ళ. షిఫ్టు మీటపై వ్రేలు ఒక్క క్షణము ఏమరినచో పాట పాత యగును, కళ కల యగును.

తెనాలిలో మా అమ్మకు ఆ జాబు చేరు విధము వేరు. మా మేనమామ కొడుకు బజారులోని ఇంటర్నెట్ సెంటరుకు పోయి, దానిని ప్రింటు తీయించుకొని వచ్చి, అరుగుమీద కూర్చుండి, రూళ్ళ నోటుపుస్తకములో తెలుగులోనికి ఎత్తి వ్రాసి, "అత్తయ్యా, ఇదుగో నీ కొడుకు ఉత్తరం" అని చేతికిచ్చెడివాడు. చదివి వినిపించెదనన్నను ఆమె ఒప్పుకొనలేదు. కొడుకు జాబు తన కంటితో తానే చదువుకొనవలెను. ఆమె పోయిన పిమ్మట ట్రంకుపెట్టెలో అట్టి పుస్తకములు మూడు దొరికినవి. మాటలు నావి, దస్తూరి అతనిది. ఒకచోట నేను షిఫ్టు తప్పినందున 'కాల్ల నొప్పి' యైనదానిని, మొదట అట్లే వ్రాసి, కొట్టివేసి, 'కాళ్ళ' అని దిద్దియున్నాడు. ప్రతి జాబు అంచునను అమ్మ పెన్సిలుతో వేసిన తారీకు, అది తనకు చేరిన దినము.

ఆ రోజులే వేరని వ్రాయుటకే ఈ వారము కలము పట్టితిని. కాని మరునాడు విప్పెండెల్ రోడ్డున, సన్ ప్రింటర్స్ ముద్రణాలయము వారి పాత గడియారపు గోపురము క్రింద నిలిచినప్పుడు ఆ తలపు నిలువలేదు. పిక్చర్ పోస్ట్ పత్రికను లక్షల ప్రతులు అచ్చొత్తిన ఊరిది. ఇట్టి అచ్చుల ఊరిలో కూర్చుండి నేను నా తల్లికి ఆమె చదువగల అక్షరమొక్కటి పంపలేకపోతిని. యూనికోడు తొలి ప్రతిలోనే, 1991లో, తెలుగునకు చోటు దొరికినను, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చువరకు సామాన్యుల కంప్యూటర్లలో అది అందుబాటున లేదు. పత్రికకొక ఫాంటు, అది దింపుకొననిచో తెరనిండ పిచ్చిగీతలు. నేను స్వర్ణయుగమని చెప్పుకొనుచు వచ్చినది తెలుగు లిపికి అజ్ఞాతవాసము. జాబును ముందుగా కూర్చుకొను అలవాటు నేడును ఎవరైన పాటింపవచ్చును. దానికి రాగితీగెతో పనిలేదు. అది పోవుటకు నేనిక విచారింపను.

పాఠకులకు ఒక మనవి. ఆ నాటి జాబులు గాని, కథలు గాని పాత ఫాంట్లలోనో, ఆర్.టి.యస్. లోనో మీ ఫ్లాపీలలో మిగిలియున్నచో, అవి చెడకముందే యూనికోడులోనికి మార్చుడు. నా డిస్కు ఏనాడో చెడినది. అసలు జాబు ఒక్కటియు మిగులలేదు. అమ్మ దాచిన మొదటి పుస్తకమును చూచి నిన్న రాత్రి తెలుగులో టైపు చేయ మొదలిడితిని. పదునొకండు పుటలైనవి.