లేపు మామా! : ఆటలో పుట్టిన భాషకు ఊరేది?

భాషను ఎవరు పుట్టిస్తారని అడిగితే మన సాహిత్య చరిత్రలు పండితుణ్ణి చూపిస్తాయి. గద్వాలలో ఈ గొప్ప మరీ ఎక్కువ. సంస్థానం పండితులను పిలిపించి, వార్షికాలిచ్చి, సన్మానాలు చేసింది గనక 'విద్వద్గద్వాల' అన్న పేరొచ్చింది. వనపర్తి, కొల్లాపురం సంస్థానాలదీ అదే వరస. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి జవాబు చెప్పిండు. ఆయన ఊరు ఇటిక్యాలపాడు ఈ నడిగడ్డలోదే. ఆ జవాబు అవసరమే, కాదనం. కానీ ఆ వాదంలో కూడా కవి వుంటేనే భాష వున్నట్టు లెక్క. కృష్ణా తుంగభద్రల నడుమ మట్టి మోసినోళ్లు, విత్తన పత్తి చేలల్లో పూలు క్రాసింగ్ చేసినోళ్లు పనిలో కలిసి కట్టుకున్న మాటలు ఏ సంచికకూ ఎక్కలేదు.

అట్లాంటి మాటలు ఇప్పుడు ఇంకోచోట పుడుతున్నయి. సెల్‌ఫోన్ ఆటలో. 2018లో వచ్చిన పబ్జీ మొబైల్‌ను కేంద్రం 2020 సెప్టెంబరు 2న నిషేధించింది. 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022లో మళ్లీ ఆగింది, 2023లో మళ్లీ తెరుచుకుంది. ఆట పేరు మారింది గాని పిలగాండ్ల మాటలు మారలేదు. వంద మంది ఒక దీవిలో దిగుతారు, నలుగురు ఒక స్క్వాడ్. ఆ నలుగురిలో ఒకడు గద్వాల, ఒకడు రాయచూరు, ఒకడు కర్నూలు, ఇంకొకడు ఎక్కడో ఉత్తరాది వాడు కావచ్చు. ఇంగ్లీషు 'నాక్', ఉర్దూ 'పీఛే', కన్నడ 'బా', తెలుగు 'లేపు' ఒక్క వాక్యంలో పడతయి. ఎవడూ ఎవడికీ వ్యాకరణం చెప్పడు. అర్థం కాకపోతే నలుగురూ చస్తారు, అంతే.

ఈ 'లేపు' అన్న మాట దగ్గర కొంచెం ఆగాలె. బయట 'వాణ్ని లేపెయ్' అంటే చంపెయ్ అని. ఆటలో 'నన్ను లేపు' అంటే బతికించు అని. దెబ్బ తిన్నవాడు మోకాళ్ల మీద పాకుతుంటాడు, ప్రాణం గీత తగ్గిపోతుంటుంది. తోటివాడు వచ్చి పక్కన వంగి పది సెకండ్లు వుండాలె. ఆ పది సెకండ్లూ వాడి చేతిలో తుపాకి పేలదు. అంటే ఒకణ్ణి లేపడానికి ఇంకొకడు తన ప్రాణం అడ్డం పెడతాడు. హత్యకు వాడే క్రియను ఇట్లా తిప్పేసింది ఏ పండితుడూ కాదు, ఆడుకునే పిలగాండ్లు.

ఇంకో సంగతి. ఆ మాటలన్నీ ఆజ్ఞలే. దిగు, రా, ఆగు, కొట్టు. అన్నీ ఏకవచనంలోనే. మన ఊళ్లల్లో ఏకవచనం తరాలుగా ఒక్క దిక్కే నడిచింది. దొర మనవడు మాదిగ ముసలాయనను 'ఒరేయ్' అనొచ్చు, ముసలాయన మాత్రం 'అయ్యా, బాంచెన్' అనాలె. స్క్వాడ్‌లో ఏకవచనం గుండ్రంగా తిరుగుతుంది. ఇప్పుడు నువ్వు నాకు 'రా' అన్నవు, మరు నిమిషం నేను నీకు 'ఆగు' అంట.

భాషలు కలిసినంత మాత్రాన మనుషులు సమానమైపోరు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి నాటాల్ చెరకు తోటలకు పోయిన కూలీల్లో మన తెలుగోళ్లూ వున్నారు. అక్కడ 'ఫనగలో' అనే కలగలుపు భాష నడిచేది. మాటలు ఎక్కువ జులూవి, నోరు మాత్రం యజమానిది. ఆ పేరుకు అర్థమే 'ఇట్లా చెయ్' అని. తర్వాత గనుల్లోనూ అదే ఆజ్ఞల భాష అయింది. దేశమంతా ప్రాజెక్టులు కట్టిన పాలమూరు లేబర్ కూడా పోయినచోటల్లా నాలుగు భాషలు కలుపుకున్నది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తోలుకపోయినంక పైనుంచి కిందికి వచ్చింది ఆజ్ఞ, కింద మిగిలింది పాట. కాబట్టి చూడాల్సింది భాష ఎంత కలిసిందని కాదు, 'రా' అనే అధికారం చేతులు మారుతున్నదా లేదా అని.

ఆటల మీద రాసేవాళ్లు ఎక్కువగా మెచ్చుకునే ఆట ఒకటుంది: 2012లో జెనోవా చెన్ బృందం చేసిన 'జర్నీ'. ఎడారిలో నువ్వు, ఎవరో తెలియని ఇంకొకరు. మాట లేదు, రాత లేదు, పేరు లేదు. ఒక్క కూత మాత్రమే. ఆ కూతల్తోనే ఇద్దరూ సైగలు కట్టుకుంటారు. ఒకరినొకరు తాకితే కండువాకు శక్తి వచ్చి ఎగరగలుగుతారు! తాకితే మైల అన్న దేశంలో కూర్చుని ఇది ఆడినవాడికి ఒళ్లు జలదరిస్తుంది. నిజంగా గొప్ప ఊహ. అయితే ఆ సమానత్వం పేరునూ గొంతునూ దాచిపెట్టి తెచ్చింది. అది మనకు కొత్త కాదు. పట్నంలో కిరాయి గది కోసం ఇంటిపేరు మింగేసినవాళ్లకు ఆ సమానత్వం ఎంత ఇరుకో తెలుసు. జర్నీ కూడా ఆట అయిపోయినంకనే తోడొచ్చినవాడి పేరు చూపిస్తుంది.

పబ్జీ స్క్వాడ్‌లో గొంతు దాగదు. నడిగడ్డ యాస వినగానే ఒకడు నవ్వుతాడు. పెట్టుకున్న పేర్లకు కులం తోకలు వేలాడుతుంటయి. ఆడపిల్ల మైక్ తెరిస్తే బూతు మొదలవుతుంది గనక చాలామంది తెరవనే తెరవరు. ఆ ఉమ్మడి భాష కట్టేటప్పుడు వాళ్లను కూలికి కూడా పిలవలేదన్నమాట. గెలిచినంక తీరిగ్గా ఒక ప్రశ్న వస్తుంది: 'ఏ ఊరు మామా మీది?' ఊరు తర్వాత వాడ, వాడ తర్వాత ఇంటిపేరు.

'మామా' అన్న పిలుపునే చూడండి. అది పిల్లనిచ్చే, పిల్లను తెచ్చుకునే వరస. ఆటలో ఎవడు ఎవణ్ణయినా పిలవొచ్చు. పబ్జీ మొబైల్ వచ్చిన ఆ 2018లోనే, సెప్టెంబరు 14న, ఆ వరసను నిజం చేసుకున్న దళిత యువకుడు ప్రణయ్‌ను మిర్యాలగూడలో ఆసుపత్రి బయట నరికి చంపించారు. అమృత తండ్రికి అల్లుడి పేరు, ఊరు, వాడ అన్నీ తెలుసు.

ఈ మాటల్ని పోగుచేయడానికి మన పరిశోధక విద్యార్థులు పూనుకోవాలె. ఏ పదం ఏ భాష నుంచి వచ్చిందని పట్టికలు వేస్తే సరిపోదు. ఎవడు ఎవణ్ణి లేపడానికి పరుగెత్తిండు, ఎవణ్ణి పాకుతుండగానే వదిలేసిండ్రు, మైక్ ఏ ప్రశ్న తర్వాత ఆఫ్ అయింది, అవి కూడా రాసుకోవాలె.